నీళ్ల దగ్గర ఆగడం తెలియాలి

మా చెల్లెలి మనవరాలికి మొన్న మాఘంలో ఎమ్మిగనూరులో పెళ్లయింది. మూడోనాడు పిల్లా పిల్లోడూ మా ఇంటికొచ్చి, ఉగ్గాని, బజ్జీలు తిని చేతులు కడుక్కుంటూ అడిగారు. "అవ్వా, నువ్వూ తాతా సముద్రంలోకి దిగినారంట గదా. మేమూ పోదామనుకుంటున్నాం. ఏం జాగర్తలు చెప్తావు?" ఆ పూట నోటికొచ్చిన నాలుగు ముక్కలు చెప్పి పంపాను. వాళ్లు పోయినాక నాకే తృప్తి లేకపోయింది. 31 ఏళ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. చెప్పాల్సింది వరుసగా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకే ఇలా రాస్తున్నాను.

నేను పుట్టింది ఆదోని, మెట్టింది ఎమ్మిగనూరు. రెండిటి మధ్య ముప్పై కిలోమీటర్ల దారి. మా ఇంటాయన ఆదోని పత్తి మిల్లులో లెక్కలు రాసి రిటైరయ్యారు. మేమిద్దరం చూసిన పెద్ద నీళ్లంటే వానాకాలంలో మంత్రాలయం దగ్గర తుంగభద్రే. తక్కినవన్నీ ఎదురుచూసిన నీళ్లు. దిగువ కాలువకు ఎప్పుడు వదులుతారా అని, కుళాయి ఏ రాత్రి వస్తుందా అని, ఆలూరు వైపు కమ్మిన మబ్బు ఇటు తిరుగుతుందా అని చూస్తూ బతికిన వాళ్లం. పెళ్లయి 40 ఏళ్లు నిండిన నవంబరులో పిల్లలు మమ్మల్ని మారిషస్ పంపించారు. ఆ వారంలో ఒక రోజు తెరచాప పడవెక్కి సముద్రంలోకి పోయాం. ముఖానికి అద్దం కట్టుకుని నీళ్ల లోపలికి చూశాం. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం నాలుగుకు ముగిసిన ఆ ఒక్క రోజు నేర్పినవే ఈ పాఠాలు. అన్నిటి అడుగునా ఒకే మాట ఉంది. నీళ్ల దగ్గర ఆగడం తెలియాలి. కరువు సీమ మనుషులకు ఆ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు. సముద్రం కనపడగానే మరిచిపోకుండా ఉంటే చాలు.

1. టికెట్టు కంటే ముందు డాక్టరు

స్నార్కెలింగ్ అంటే నీళ్ల మీద బోర్లా తేలుతూ, నోట్లో పెట్టుకున్న గొట్టంతో గాలి పీలుస్తూ కిందికి చూడటం. చూసేవాళ్లకు పిల్లలాటలా ఉంటుంది. కానీ మనిషి నీళ్లలోకి దిగగానే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండెకు పని పెరుగుతుంది. దానికి భయం తోడైతే ఆయాసం వస్తుంది. మా ఇంటాయన చాలా ఏళ్లుగా బీపీ మాత్ర వేసుకునే మనిషి. అందుకని టికెట్టు తీయకముందే ఆదోనిలో డాక్టరు దగ్గరికి పోయి పరీక్షలు చేయించుకున్నాం. డాక్టరు మూడు మాటలు చెప్పారు. ఆ రోజు మాత్ర మానొద్దు. ఒంటరిగా దిగొద్దు. ఊపిరి బరువైతే ఇంకా రెండు నిమిషాలు చూద్దామనుకోకుండా వెంటనే బయటికి రావాలి.

వయసులో ఉన్నవాళ్లం, మాకెందుకివి అనుకోవద్దు. ఆస్తమా ఉన్నా, జలుబు చేసి చెవులు మూసుకుపోయినా, కడుపుతో ఉన్నా ముందుగా అడిగి తెలుసుకోండి. కాలం సంగతి కూడా చూసుకోండి. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. మనకు ఆషాఢ శ్రావణాలు నడిచేటప్పుడు అక్కడ చలికాలం, గాలి ఎక్కువ. జనవరి నుంచి మార్చి దాకా తుఫాన్ల భయం. అక్టోబరు, నవంబరు మంచి నెలలు. సెలవు దొరికిందని పోకుండా, సముద్రానికి అనువైన రోజులు చూసి సెలవు పెట్టుకోండి.

2. ఖాళీ కడుపు వద్దు, నిండు కడుపూ వద్దు

అక్కడ ధోల్ పురీ అని ఒకటి దొరుకుతుంది. మన ఓళిగలోంచి బెల్లం తీసేసి పప్పు మాత్రం పెట్టి కాల్చినట్టుంటుంది. ఆ రోజు పొద్దున మేం తలా రెండు తిని ఆపేశాం. పడవ ఎక్కడానికి గంట ముందు వాంతుల మాత్ర వేసుకున్నాం. పడవ కదిలి కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర మింగి లాభం లేదు.

ఒడ్డుకు దూరంగా పగడపు దిబ్బలు గోడలా అడ్డం ఉంటాయి. వాటి లోపలి నీళ్లు చెరువులా నిలకడగా ఉంటాయి. దిబ్బ దాటితే అసలు సముద్రం. అక్కడ అల పడవను ఎత్తి దించుతుంది. అప్పుడు ఫోను చూడొద్దు, గదిలోకి పోయి పడుకోవద్దు. పడవ మధ్యలో కూర్చుని, నింగీ నీళ్లూ కలిసే గీత మీద చూపు పెట్టండి. ఒళ్లు ఊగుతున్నదని చెవి చెప్తుంటే, ఏమీ కదలడం లేదని కన్ను చెప్తుంది. రెండిటికీ పొత్తు కుదరక వచ్చే తిప్పట అది. ఆ గీతను చూస్తుంటే కన్ను కూడా చెవి మాటకొస్తుంది. మంచినీళ్లు మాత్రం గుక్కగుక్కగా తాగుతూనే ఉండాలి.

3. ఒంటి మీది బంగారం గదిలోనే తీసిపెట్టండి

ఈ సంగతి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరం జారిపోతుంది. తళతళలాడే వస్తువు నీళ్లలో చిన్న చేప మెరుపులా కనబడి, బారకుడా లాంటి పెద్ద చేపను దగ్గరికి రప్పించొచ్చు. ఇవి రెండూ నేను పడవ మీద విన్నాను. మూడోది నా కాలే చెప్పింది. ఈదడానికి కాళ్లకు బాతు పాదాల్లాంటి రబ్బరు చెప్పులు తొడుగుతారు, ఫిన్స్ అంటారు. నాకు అవి పట్టలేదు. మెట్టెలు ఒత్తుకుంటున్నాయి.

మెట్టెలు తీయడమంటే మనలో ఏమర్థమో ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 40 ఏళ్లలో పాతవి తీసి కొత్తవి పెట్టుకున్నానే గానీ, ఉత్త వేళ్లతో నిలబడింది లేదు. పడవ వెనక మెట్ల మీద కూర్చుని కాలు చూసుకుంటూ ఉండిపోయాను. ఆయన నా మొహం చూశారు. ఏమీ అడగలేదు. కిందికి వంగి, కొంచెం సబ్బు రాసి, మెల్లగా తిప్పి తీశారు. మేం వెంట తీసుకుపోయిన ఎమ్మిగనూరు టవాలు చెంగున వాటిని కట్టి రెండు ముడులు వేశారు. "పెట్టింది నేనే గదా. తీసిందీ నేనే. సాయంత్రం మళ్లా పెట్టేదీ నేనే. ఇంకేం?" అన్నారు.

కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలూ, మీరు ఆ రోజు పొద్దునే గదిలో నిదానంగా తీసి భద్రం చేసుకోండి. మగపిల్లలూ, ఆ అమ్మాయి తీయడానికి సందేహిస్తే నవ్వొద్దు, వాదించొద్దు. దగ్గర కూర్చోండి, అంతే.

4. నూలు గొప్పదే, కానీ నీళ్లలో కాదు

ఆదోని పేరు చెప్తే పత్తి మార్కెట్టు గుర్తొస్తుంది. ఎమ్మిగనూరు పేరు చెప్తే మగ్గం గుర్తొస్తుంది. మాచాని సోమప్పగారు 1938లో నిలబెట్టిన చేనేత సహకార సంఘం నీడన బతికిన ఇళ్ల మధ్య కాపురం చేసినదాన్ని. నూలు బట్టను తక్కువ చేసి నేను మాట్లాడను. కానీ నూలుకు నీళ్లు తాగే గుణం ఉంది. అదే దాని గొప్ప, ఈతలో అదే దాని ముప్పు. తడిసిన నూలు చీరైనా చుడీదారైనా బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. నీళ్లలోకి దిగేటప్పుడు మెడ నుంచి మడమ దాకా ఒంటిని అంటిపెట్టుకునే ఈత బట్టలు వేసుకోండి. సాగే బట్టతో కుట్టినవి, నిండు చేతులవి దొరుకుతాయి. నాకూ మొదట సిగ్గేసింది. పడవ మీద నన్ను చూడటానికి ఎవరికీ తీరిక లేదని ఐదు నిమిషాల్లో తెలిసింది.

నిండు బట్ట వేసుకోమనడానికి ఇంకో కారణం ఎండ. మనం ఎండలో పుట్టి పెరిగినవాళ్లమే. కానీ నవంబరు మూడో వారం దాటాక మధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. చల్లటి నీళ్లలో బోర్లా తేలుతుంటే వీపు, పిక్కలు మాడేది తెలియనే తెలియదు. మా ఇంటాయన మోకాళ్ల దాకే నిక్కరు వేసుకున్నారు. ఆ రాత్రి పిక్కల మంటకు నిద్రపోలేదు. బట్ట కప్పని చోట పూసుకునే క్రీము కూడా చూసి కొనండి. ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే మందులున్న క్రీములు పగడాలకు చేటు అని హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకం నిషేధించింది. జింక్ ఆక్సైడ్‌తో చేసినవి వాడండి.

నీళ్లలోంచి బయటికొచ్చాక మాత్రం నూలు రాజ్యమే. పడవ వాళ్లిచ్చిన మెత్తటి తువ్వాళ్ల కంటే మన ఊరి టవాలే ఒంటిని తొందరగా ఆరబెట్టింది.

5. తెరచాప ఎత్తేటప్పుడు మాటలు ఆపండి

మేం ఎక్కింది కాటమరాన్. రెండు పొట్టలున్న పడవ, అందుకని పక్కకు ఒరగడం తక్కువ. ఆ మాట మన దక్షిణాదిదే. కట్టుమరం అనే తమిళ మాట ఇంగ్లీషు వాళ్ల నోట్లో పడి అలా మారింది. దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్లతో కట్టిన కట్టుమరాన్నే మన కోస్తా జాలరులు తెప్ప అంటారు.

గ్రాండ్ బే అనే ఊరి రేవులో బయలుదేరి కొంత దూరం ఇంజనుతో పోయాం. తర్వాత పడవ నడిపే ఆయన ఇంజను ఆపేశాడు. ఇద్దరు కుర్రాళ్లు తాడు లాగుతుంటే తెరచాప పైకి లేచింది. మొదట లూజుగా టపటప కొట్టుకుంది. పక్క నుంచి గాలి పట్టగానే బిర్రబిగిసి నిలబడింది. శబ్దమంతా ఒక్కసారిగా పోయింది. మగ్గాల పేటలో కరెంటు పోయి ఇళ్లన్నీ నిశ్శబ్దమైన రాత్రి నాకు గుర్తొచ్చింది. ఆ నిశ్శబ్దం పని ఆగిపోవడం వల్ల వచ్చేది. ఇక్కడ పడవ పోతూనే ఉంది. నీళ్లను చీల్చే చప్పుడు తప్ప ఏదీ వినపడటం లేదు.

మారిషస్ దీవికి ఏడాదిలో ఎక్కువ రోజులు ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది. ఆవిరి ఓడలు రాకముందు సముద్రం మీద వ్యాపారమంతా ఇలాంటి గాలుల మీద ఆధారపడిందే. గాలి లేకపోతే ఓడ నిలబడిపోయేది. వాన కోసం గొర్రు దించకుండా కూర్చునే మన రైతుకు, గాలి కోసం చాప దించి కూర్చున్న ఆ నావికుడికి తేడా ఏముంది? అందుకే చెప్తున్నాను. పాటలు, ఫొటోలు తర్వాత. చాప నిండే ఆ రెండు నిమిషాలు ఇద్దరూ మాట్లాడకుండా కూర్చోండి. మేం అలా కూర్చున్నాం. దారిలో క్వాన్ ద మీర్ అనే నిట్టనిలువు కొండ దీవి వచ్చింది. దాని పక్కన పొడుగాటి తోక ఈకతో తెల్లటి పక్షులు ఎగురుతున్నాయి. ఇద్దరం ఒకేసారి చూశాం. చూడమని ఒకరికొకరు చెప్పుకోవాల్సిన పని లేకపోయింది.

6. బావి ఈత వేరు, సముద్రం వేరు

మన పల్లెల్లో మగపిల్లలు దిగుడు బావుల్లో నేర్చుకున్నారు ఈత. నడుముకు బెండు కట్టి నీళ్లలోకి తోసేవాళ్లు. మా ఇంటాయన అలా నేర్చినవారే. గట్టు మీద నుంచి దూకి అడుగున మట్టి తీసుకొచ్చిన రోజుల గురించి ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. ఆ ధైర్యంతోనే నాకంటే ముందు దిగి, లైఫ్ జాకెట్ పట్టీలు వదులుగా వేసుకుని గబగబా ముందుకు పోయారు.

బావికి నాలుగు పక్కలా గోడ ఉంటుంది. అలసిపోతే రెండు బారలు వేసి రాయి పట్టుకోవచ్చు. సముద్రంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బావి నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. సముద్రపు నీళ్లు నడుస్తుంటాయి. పోయేటప్పుడు ప్రవాహం మనతో వస్తే, నేనెంత బాగా ఈదుతున్నానో అనిపిస్తుంది. వెనక్కి తిరిగాకే నిజం తెలుస్తుంది. ఆయనకూ అలాగే అయింది. తిరిగి రాబోతే పడవ దగ్గరికి రావడం లేదు. గొట్టంలోకి నీళ్లు పోయాయి. దగ్గు. జాకెట్ పైకి జారి గడ్డానికి తగులుకుంది. పడవ మీద కుర్రాడు ముందే చూసి రింగు తీసుకుని ఈదుకుంటూ పోయి లాక్కొచ్చాడు. పైకొచ్చాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాతో ఒక్క మాటన్నారు. "ఆగల్ల ఉండె. నేను ఆగలేదు."

ఈత వచ్చినా జాకెట్ వేసుకోండి, పట్టీలు బిగించుకోండి. ముందు ప్రవాహానికి ఎదురు ఈది, తర్వాత దానితో వెనక్కి రండి. అలసిపోయాక ఇంటి దారి తేలికగా ఉండాలి. సాయం కావాలంటే చేయి పైకెత్తి ఊపాలి. మొహమాటపడి ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

7. ముందు ఊపిరి వదలడం నేర్చుకోండి

ఈత రాని నేను ఆ గొట్టాన్ని చూసి పీల్చడం ఎలాగా అనే భయపడ్డాను. నేర్పిన కుర్రాడు వదలడం ముఖ్యం అని చెప్పాడు. భయంలో మనిషి పైపైన గబగబా పీలుస్తాడు. అప్పుడు వదిలిన చెడుగాలే గొట్టంలో మిగిలి మళ్లీ లోపలికొస్తుంది. నోటితో పొడుగ్గా, మెల్లగా, పూర్తిగా వదలాలి. పీల్చడం దానంతటదే జరుగుతుంది. గొట్టంలోకి నీళ్లు వస్తే పొయ్యి ఊదినట్టు ఒక్క ఊపు ఊదాలి. పొగగొట్టం ఊది అన్నం వండిన తరం మాది, నాకు ఆ ఊపు వెంటనే పట్టుబడింది.

మాస్క్ ముక్కును కూడా మూస్తుంది. దాని రబ్బరు అంచు చర్మానికి పూర్తిగా అతుక్కోవాలి. ఒక్క వెంట్రుక అడ్డమున్నా నీళ్లు దూరతాయి. జడ బిగించి, ముంగురులన్నీ వెనక్కి దువ్వుకోండి. మీసం ఉన్న మగవాళ్లకు ఇది ఇంకా కష్టం. మా ఇంటాయనది నిండు మీసం. లోపలికి నీళ్లు వచ్చింది ఆ సందులోంచే. మీసం పై అంచున వాజలీన్ దట్టంగా రాశాక రెండోసారి చుక్క రాలేదు. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపలి వైపు ఉమ్మి రాసి ఒకసారి తొలిచి పెట్టుకోవాలి. రోత అనుకోవద్దు, లోకమంతా చేసే పని అదే.

ఇవన్నీ లోతులో నేర్చుకోవద్దు. నిచ్చెన పట్టుకుని, మొహం మాత్రం నీళ్లలో ముంచి ఇరవై ఊపిర్లు లెక్కపెట్టండి. ఇరవై సాఫీగా వచ్చాకే చేయి వదలండి.

8. భయపడే మనిషిని తొందరపెట్టొద్దు

ఇది జంటలకు చెప్తున్న అసలు పాఠం. నిచ్చెన ఆఖరి మెట్టు మీద, మోకాళ్ల లోతు నీళ్లలో నేను పావుగంట నిలబడి ఉంటాను. చుట్టూ జంటలు దిగుతున్నాయి, నవ్వుకుంటున్నాయి. ఒక పిల్లోడు పెళ్లాన్ని "ఏం కాదు దూకు, డబ్బులు కట్టినాం" అని హిందీలో తొందరపెడుతున్నాడు. ఆ అమ్మాయి దూకింది, నీళ్లు మింగింది, ఏడుస్తూ పైకెక్కింది. మళ్లీ దిగలేదు. ఆ పిల్లోడు ఒక్కడే చూసి వచ్చాడు. భోజనాల దగ్గర ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మా ఇంటాయన నా పక్కన నీళ్లలో తేలుతూ నిచ్చెన పట్టుకుని ఉన్నారు. రా అనలేదు, వద్దూ అనలేదు. పెళ్లయిన కొత్తలో నీలకంఠేశ్వరస్వామి తేరునాడు జనంలో నా చేయి పట్టుకున్నట్టే పట్టుకున్నారు. లాగే పట్టు కాదది. తప్పిపోకుండా ఉండే పట్టు. ఒక గుర్తు పెట్టుకున్నాం. రెండుసార్లు నొక్కితే బాగున్నానని. వదలకుండా గట్టిగా నొక్కితే వెనక్కి పోదామని. నీళ్లలో మాట పని చేయదు గనక ఇలాంటి గుర్తు ప్రతి జంటకూ ఉండాలి. చివరికి ఎవరూ చెప్పకుండానే నేను మెట్టు వదిలాను. ఉప్పు నీళ్లు మనిషిని మంచినీళ్ల కంటే తేలిగ్గా మోస్తాయి. జాకెట్ సరేసరి. నేను మునగలేదు. నీళ్లలో మొహం పెట్టి, ఆయన చేతిని రెండుసార్లు నొక్కాను.

ఆయన తొందరగా పోయి చేసిన పొరపాటు, నేను నిలబడిపోయిన భయం, రెండూ ఒకే రోజు జరిగాయి. ఒకరి కంటే ఒకరు ఎక్కువ కాదని ఇద్దరికీ అర్థమైంది.

9. కంటితో చూడండి, చేతితో తాకొద్దు

నీళ్ల కింద మొదట తెలిసేది చప్పుడు. నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. బట్టీలో బొరుగులు వేగుతున్నట్టు చిటపట. చిన్న రొయ్యలు గోళ్లు చిట్లించే శబ్దమట అది. మధ్యలో కటుక్కు కటుక్కు అని ఇంకో చప్పుడు. చిలుక ముక్కులాంటి మూతి ఉన్న రంగుల చేప దిబ్బను కొరుకుతున్నది. అది పాచితో పాటు రాతిలాంటి పగడాన్నీ కొరికి, పిండి చేసి వదులుతుంది. మనం ముచ్చటపడి నడిచే తెల్లటి ఇసుకలో చాలా భాగం అలా తయారైందే.

పసుపు మీద నల్లచారల చేపలు నా వేళ్ల దాకా వచ్చాయి. చేయి చాపితే అందలేదు. మాస్క్‌లోంచి చూసేటప్పుడు వస్తువు ఉన్నదానికంటే మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనబడుతుంది. దిబ్బ కాలికి తగులుతుందనుకున్నప్పుడు తగలదు, తగలదనుకున్నప్పుడు తగులుతుంది. కాబట్టి ఒళ్లు చాపి బోర్లా ఉండండి, నిలబడే ప్రయత్నం చేయొద్దు. పగడం రాయి కాదు, చెట్టూ కాదు. లక్షల చిన్న ప్రాణులు కట్టుకున్న ఊరు. గుండ్రటి దిబ్బ ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. ఒక్క మడమ పదేళ్ల కష్టాన్ని విరిచేస్తుంది. నీళ్లు వేడెక్కితే వాటికి రంగునూ తిండినీ ఇచ్చే నాచు విడిపోయి అవి తెల్లబడిపోతాయి. అలాంటి తెల్లటి కొమ్మలు నేనూ చూశాను. ఎండిన పత్తికట్టె గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. దిబ్బను తాకడం మీకు కూడా క్షేమం కాదు. అక్కడ రాయిలా కనిపించే విషపు ముళ్ల చేప ఉంటుంది. నీళ్లలో ఇసుక మీద నడిచేటప్పుడు మందపాటి చెప్పులు వదలొద్దు.

2020 జులైలో వకాషియో అనే ఓడ ఆ దేశం ఆగ్నేయ తీరంలో దిబ్బనెక్కి, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల చమురు సముద్రంలోకి కారింది. ఊళ్లకు ఊళ్లు కదిలి, బట్టను సంచులుగా కుట్టి, లోపల చెరకు ఆకు కూరి, నీళ్ల మీద కట్టలుగా వేసి చమురును అడ్డుకున్నాయి. బట్ట కుట్టి సముద్రాన్ని కాపాడుకున్న జనం వాళ్లు. బట్ట నేసి బతికే ఊరి నుంచి పోయినవాళ్లం, వాళ్ల దిబ్బ మీద కాలు పెట్టకుండా రావడం మన కనీస ధర్మం. గవ్వలు, పగడపు ముక్కలు కూడా తేవొద్దు.

10. ఆ ఇసుక మీద ఎవరు ఆగారో తెలుసుకోండి

మా పడవ మధ్యాహ్నం ఆగింది గాబ్రియేల్ దీవి దగ్గర. పక్కనే ఫ్లాట్ ఐలాండ్, మధ్యలో పచ్చలరంగు నీళ్లు. భోజనాలయ్యాక, మా ఇంటాయనను నీళ్లలోంచి లాగిన కుర్రాడు మా మాటలు విని "తెలుగా?" అన్నాడు. వాళ్ల అవ్వ ఇంట్లో రామభజనం చేయిస్తుందట, దీపం పెట్టి తెల్లవార్లూ. అతనికి వచ్చిన తెలుగు మాటలు పది కూడా లేవు. కానీ "మేం కోరంగివాళ్లం" అని గర్వంగా చెప్పాడు. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ దగ్గర కోరంగి రేవుండేది. ఆ రేవు పేరే అక్కడ తెలుగువాళ్లకు పేరైంది.

1834లో అట్లాస్ అనే ఓడలో 36 మంది కూలీలతో మొదలై, 1920 దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా మన దేశం నుంచి చెరకు తోటల పనికి ఒప్పందం మీద అక్కడికి పోయారు. పోర్ట్ లూయిస్‌లో వాళ్లు దిగిన అప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తెలుగువాళ్లు ఎక్కువగా మన కోస్తా జిల్లాల నుంచి పోయినవాళ్లు. ఇప్పుడు ఉగాది ఆ దేశంలో సర్కారు సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే.

మేం తేలియాడిన గాబ్రియేల్ దీవికి ఇంకో కథ ఉంది. 1856లో కలకత్తా నుంచి వచ్చిన రెండు ఓడల్లో కలరా కనిపించింది. వాటిలోని కూలీలను ప్రధాన దీవిలోకి రానివ్వకుండా ఇక్కడ దించేశారు. సరైన నీడ లేదు, తిండి లేదు. మూడువందలకు దగ్గరగా మనుషులు ఇక్కడే పోయారు. ఆ తర్వాత కొన్ని నెలలు వలసే ఆపేశారు. ఆ సంగతి తెలిశాక నేను ఇసుక మీద చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాను. పనుల్లేక గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి పిల్లాజెల్లాతో బండ్లెక్కే మన పల్లెల జనం కళ్లలో మెదిలారు. మనం ముచ్చటగా ఆగే చోట, దారిలేక ఆగిపోయినవాళ్లుంటారు. ఆ సంగతి తెలుసుకుంటే మీ సంతోషానికి వచ్చిన లోటేమీ లేదు. ఆ నేల మీద నడిచే నడక మెత్తబడుతుంది, అంతే.

11. ఒక్కదానికి మాత్రం ఆగొద్దు

సాయంత్రం పడవ తిరుగుముఖం పట్టింది. చాపలోంచి వాలు ఎండ పడుతున్నది. ఆయన టవాలు ముడి విప్పి నా కాళ్ల దగ్గర కూర్చున్నారు. ఉప్పునీళ్లలో నాని వేళ్లు మెత్తబడి ఉన్నాయి. ఈసారి సబ్బు అక్కర్లేకపోయింది.

అప్పుడు ఆయన అడిగారు. "మద్రాసు పోదామనుకున్నాం, గుర్తుందా?" గుర్తుంది. పెళ్లయిన ఏడాది మద్రాసు పోయి మెరీనాలో సముద్రం చూసి వద్దామనుకున్నాం. ఆ ఏడు పత్తి ధర పడిపోయింది, మిల్లులో జీతాలు ఆలస్యమయ్యాయి. మరుసటేడు ఆడబిడ్డ పెళ్లి. తర్వాత పిల్లలు, చదువులు, ఇల్లు, అత్తగారి మంచం. ఏదీ వద్దనుకునే ఖర్చు కాదు, ఏదీ తప్పించుకునే పని కాదు. కానీ ఒక్క ఆదివారం కూడా మిగలలేదా అంటే, మిగిలింది. మద్రాసు బండి ఆదోని స్టేషన్లో రోజూ ఆగుతూనే ఉండె. ఎక్కాల్సిన మేమే ఆగిపోయాం.

వానకు ఆగాలి. గాలికి ఆగాలి. ఊపిరికి, పక్కమనిషి భయానికి ఆగాలి. ఇవన్నీ మన చేతుల్లో లేనివి, అందుకే ఆగడం మర్యాద. ఇద్దరూ కలిసి ఒక రోజు గడపడం మన చేతుల్లో ఉన్న పని. దానికి ఆగడం మర్యాద కాదు, వాయిదా. మారిషస్ కానక్కర్లేదు. డబ్బు చాలకపోతే సూర్యలంకకో మైపాడుకో పోండి, మంత్రాలయంలో తుంగభద్ర ఒడ్డున ఒక సాయంత్రం కూర్చోండి. కానీ ఈ ఏడే పోండి.

అమ్మీ, ఈ కాగితాలతో పాటు ఒక టవాలు పంపిస్తున్నాను. కొత్తది కాదు, ఆ రోజు మాతో వచ్చిందే. చెంగున ముడి వేసిన చోట నూలు ఇంకా కొంచెం ముడతగానే ఉంది. మీ మెట్టెలు అందులో కట్టుకోండి.